మార్చని పాస్‌వర్డ్

ఆమె ఏ ఇంటికి వెళ్ళినా ముందు గోడలు తట్టి చూస్తుంది. వేలి కణుపులతో రెండు దెబ్బలు వేసి, చెవి పెట్టి విని, "ఇది ఇటుక గోడ, సిగ్నలు దాటుతుంది. అది కాంక్రీటు, దానవతల గదిలో కూర్చుంటే మీవాడికి ఏమీ అందదు" అని తేల్చేస్తుంది. ఆ తరవాతే వైఫై పెట్టె ఎక్కడ బిగించాలో చెబుతుంది. ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న కంపెనీలో ఆమె చాలా ఏళ్ళుగా చేస్తున్న పని అదే. అసలు పేరు ఎవరి నోటా నిలవలేదు, వీధి మొత్తానికీ సిగ్నలమ్మే. ఎవరింట్లోనైనా సినిమా మధ్యలో ఆగితే ఆమెను తలుచుకుంటారు. బాగా ఆడినన్నాళ్ళూ ఎవరికీ గుర్తుకు రాదు. దానికి ఆమెకేమీ బాధ లేదు. "నన్ను మర్చిపోయారంటే పెట్టె బాగా పనిచేస్తున్నట్టే" అంటుంది.

చెయ్యి ఎంత ఆడుతుందో నోరు అంతకు రెండింతలు ఆడుతుంది. పెట్టె బిగించి దండం పెట్టి వెళ్ళిపోతే సరిపోయేదానికి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెడుతుంది.

"పాస్‌వర్డ్ గాల్లో ఎగిరెళ్ళి పెట్టెకి చేరుతుందనుకుంటున్నారు కదూ? చేరదు. మీ ఫోన్ గుమ్మం ముందుకొచ్చి, నేను ఇంటిమనిషినే అంటుంది. పెట్టె నమ్మదు. ఒక అంకె విసురుతుంది. ఫోన్ దానికి తన అంకె ఒకటి కలిపి, తనకి తెలిసిన మాటతో బాగా రుబ్బి, ఆ రుబ్బిన పిండి మాత్రం పంపిస్తుంది. పెట్టె కూడా తన దగ్గరున్న మాటతో అవే అంకెలు రుబ్బి చూసుకుంటుంది. రెండిటి పిండీ ఒకటైతే ఇంటిమనిషే. మళ్ళీ పెట్టె కూడా తను దొంగపెట్టె కాదని అలాగే రుజువు చేసుకోవాలి. మాట మాత్రం ఎవరి దగ్గరున్నది వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. బయటికి రాదు."

ఇది విని ఒక ఇంట్లో పెద్దాయన, "ఇంత పరీక్ష మా అల్లుడికి పెట్టుంటే బాగుండేదమ్మా" అన్నాడట. కూతురు అక్కడే ఉంది. ఆ ఇంట్లో మాత్రం సిగ్నలమ్మ పాఠాన్ని అక్కడితో ముగించి బయటపడింది.

మామూలుగా అయితే పాఠం ఇంకా ఉంటుంది. ఒకరినొకరు నమ్మాక ఫోన్, పెట్టె రెండూ ఆ పూటకి కలిసి ఒక కొత్త తాళం చేసుకుంటాయి, ఇక అవి చెప్పుకునే ప్రతి ముక్కకీ ఆ తాళం పడుతుంది, పక్కింటివాళ్ళు గోడకి చెవి ఆనించినా గరగర తప్ప ఏమీ వినపడదు. చివరికి ఎప్పుడూ ఒకటే మాట చెప్పి లేస్తుంది: "పాస్‌వర్డ్ మీకు తెలీనివాడికి తెలిసిందని అనుమానం వచ్చిందా, ఆ రోజే మార్చెయ్యండి. మొహమాటపడకండి."

అంత చెప్పే మనిషి తన ఇంటి పాస్‌వర్డ్ మార్చలేదు. ఎవరు చెప్పినా మార్చలేదు.

ఆమెకు ఒక తమ్ముడు. అమ్మా నాన్నా ఏడాది తిరగకుండా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయేనాటికి ఆమె చదువు ఇంకా పూర్తి కాలేదు, వాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి. చుట్టాలు వచ్చి జాలిపడి, టీ తాగి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. ఆమె పనిలో చేరింది. పెళ్ళి మాట ఎత్తితే "వీడి చదువు కానీండి" అనేది. వాడికి చదువు అబ్బలేదని తేలాక "వీడో దారిన పడనీండి" అనేది. తరవాత ఎవరూ ఆ మాట ఎత్తడం మానేశారు. ఆమె వాడిని పెంచింది తిట్లతోనే. లేపడం తిట్టి, తినిపించడం తిట్టి, జ్వరం వస్తే తిడుతూనే తెల్లవార్లూ పక్కన కూర్చునేది. వాడి పేరు కూడా ఆమె నోట ఎప్పుడూ రాలేదు, చిన్నోడే.

ఇంట్లో మొదటిసారి వైఫై పెట్టిన రోజున, పాస్‌వర్డ్ నువ్వే పెట్టరా అని వాడికి వదిలింది. వాడు ముసిముసిగా నవ్వుకుంటూ ఏదో కొట్టాడు. ఆమె తన ఫోన్ కలుపుకోవడానికి అదేంటో చెప్పరా అంటే అప్పుడు చెప్పాడు: అక్కానోరుముయ్యి. ఖాళీ లేకుండా, అంతా ఒకే మాటగా, ఇంగ్లీషు అక్షరాల్లో. చెవి మెలేసింది కానీ మార్చలేదు. ఆ తరవాత ఏ కొత్త ఫోన్ కొన్నా, ఏ టీవీ బిగించినా, ఆమె తనని తాను నోరుముయ్యమని అక్షరం అక్షరం టైపు చేసుకోవాల్సి వచ్చేది. వాడు పక్కన నిలబడి పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

వాడు ఎదిగాక ఒక వడ్రంగి దగ్గర పనికి కుదిరాడు. సాయంత్రం వాడు కింద మెట్టు ఎక్కగానే వాడి ఫోన్ ఇంటి వైఫైకి దానంతటదే కలిసేది. ఆమె ఫోన్ ఠింగుమని మోగి, చిన్నోడి ఫోన్ వచ్చిందని చెప్పేది. అలా చెప్పేట్టు ఆమే పెట్టుకుంది. ఆ ఠింగు వినగానే పొయ్యి వెలిగించేది. ముందు ఫోన్ వస్తుంది, వెనక మనిషి వస్తాడు.

ఇలా ఉండగా పక్కవాటాలో దిగిన ఒక కుర్రాడు వాడికి స్నేహితుడయ్యాడు. చదువుకోవాలి, డేటా చాలట్లేదు అంటే చిన్నోడు వాడికి పాస్‌వర్డ్ చెప్పేశాడు. ఆ కుర్రాడు చదివిన చదువు ఏమిటంటే, ఎవరో ముసలావిడకు బ్యాంకు మనిషినని చెప్పి ఖాతా ఖాళీ చెయ్యడం. పోలీసులు కూపీ లాగితే అది సిగ్నలమ్మ ఇంటి కనెక్షన్ దగ్గర తేలింది. ఒక రోజంతా ఆమెను స్టేషన్లో బల్లమీద కూర్చోబెట్టారు. నిజం బయటపడి, ఆ కుర్రాడిని పట్టుకెళ్ళాక ఆమెను వదిలారు. కానీ అప్పటికే కంపెనీ ఆమెను ఇళ్ళకు పంపడం ఆపేసింది. ఊరందరికీ తాళాలు జాగ్రత్త అని చెప్పే మనిషి ఇంటికే పోలీసులు వచ్చారన్న మాట ఆమె కంటే ముందు వీధిలోకి చేరింది.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, ముఖం మాడిపోయి.

"వాడు అలాంటివాడని నాకు తెలీదక్కా."

"నీకేం తెలుసురా? తాళంచెవి తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టావు. ఇన్నేళ్ళు ఒక్క మాట పడకుండా బతికాను. ఈ రోజు ప్రతి అడ్డమైనవాడూ నన్ను ఎగాదిగా చూశాడు."

"తప్పయిపోయింది. ఏం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యక్కర్లేదు. పాస్‌వర్డ్ మార్చేస్తున్నాను. వాడికీ తెలీదు, నీకూ తెలీదు. నా ఇంట్లో అడుగు పెట్టాలంటే నన్నడిగి పెట్టు."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. వాడు అలాంటివి చిన్నప్పటినుంచీ వేలు విన్నాడు. కానీ నోరు ఒకసారి జారితే దానికి మెట్లు కనపడవు. "అమ్మా నాన్నా పోయినప్పుడే నిన్ను ఎవరికో ఒకరికి ఇచ్చేసుంటే, నా బతుకు నాకుండేది" అంది.

వాడు లోపలికి వెళ్ళి బట్టలు సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె కూర్చున్న చోటునుంచి లేవలేదు. కోపం తగ్గాక వాడే వస్తాడని అనుకుంది.

మర్నాడు పాస్‌వర్డ్ మార్చడానికే కూర్చుంది. పెట్టె లోపలి సెట్టింగులు తెరిచింది. పాత మాట చెరిపెయ్యాల్సిన చోట వేలు పెట్టి, దాన్ని చదువుకుని, అలాగే మూసేసింది. మారిస్తే వాడి ఫోన్ మెట్ల దాకా వచ్చినా ఈ ఇంటిని గుర్తుపట్టదు. ఆ మాట తెలిసిన దొంగ కుర్రాడు ఎలాగూ కటకటాల వెనక ఉన్నాడు. మిగిలింది తమ్ముడొక్కడే. ఉండనీ అనుకుంది.

కంపెనీవాళ్ళు కొన్నాళ్ళకు పిలిచి మళ్ళీ పని ఇచ్చారు. మళ్ళీ గోడలు తట్టింది, పాఠాలు చెప్పింది. సాయంత్రాలు ఇంట్లో ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చునేది. తప్పు చేసినవాడే రావాలని ఆమె లెక్క. వస్తే తిట్టకూడదని కూడా అనుకుంది. ఒక ఏడాది గడిచింది, ఇంకొకటి గడిచింది. ఆ ఠింగు మాత్రం రాలేదు. మనిషి బయటికి ఎప్పటిలాగే ఉండేది. లోపల మాత్రం, ఒక్క మాటకు ఇంత శిక్షా అని వాడిమీద ఒక పూటా, తనమీద ఒక పూటా ఏడ్చుకునేది.

తరవాత ఒక పిడుగుల రోజున ఆ పాత పెట్టె కాలిపోయింది.

ఆమె కంగారుపడలేదు. ఫోన్లకు పెట్టె ముఖంతో పనిలేదని ఆమెకు తెలుసు. నెట్‌వర్క్ పేరూ, పాస్‌వర్డూ అవే ఉంటే పెట్టె కొత్తదైనా పాత ఇల్లే అనుకుని వచ్చేస్తాయి. కొత్త పెట్టె తెచ్చి, పాత పేరే, పెద్ద అక్షరం పెద్ద అక్షరంగానే కొట్టింది. పాస్‌వర్డ్ కూడా అదే, అక్కానోరుముయ్యి. కొట్టి, సరిచూసుకుని, మళ్ళీ సరిచూసుకుంది. ఆ తరవాత పెట్టె ఇంకొక ప్రశ్న అడిగింది. వచ్చినవాళ్ళను పాత పద్ధతిలో పరీక్షించాలా, కొత్త పద్ధతిలోనా, రెండు రకాలవాళ్ళనూ రానివ్వాలా అని.

ఈ ప్రశ్న ఆమె రోజూ చూసేదే. దీని మీద కూడా ఒక పాఠం ఉంది. పాత పద్ధతిలో దొంగ ఆ ప్రశ్నా జవాబూ గాల్లోంచి పట్టుకుపోయి, తన ఇంట్లో తీరిగ్గా కూర్చుని మాటను ఊహిస్తూ పోవచ్చు. కొత్త పద్ధతిలో ఆ వీలు లేదు, ప్రతి ఊహకూ గుమ్మం ముందుకు వచ్చి నిలబడి అడగాల్సిందే. "మీ ఇంట్లో పాత ఫోన్లు ఉన్నాయా? ఉంటే రెండూ పెడతాను. వాటికి కొత్త పద్ధతి రాదు" అని ప్రతి ఇంట్లోనూ అడుగుతుంది. తన ఇంట్లో తనను అడిగేవాళ్ళు ఎవరూ లేరు. తన ఫోన్ కొత్తది, టీవీ కొత్తది. పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చుని వచ్చిన మనిషికి పాతది ఎందుకు పెట్టాలనిపిస్తుంది? కొత్తదే నొక్కి, పని అయిందని లేచింది.

ఆ ఇంటి కింది వాటాలో బట్టలు కుట్టే ఒకావిడ ఉంటుంది. అందరికీ పిన్నే. పెట్టె మార్చిన మరుసటి ఏడు ఒక ఆదివారం మధ్యాహ్నం పిన్ని మెట్లెక్కి వచ్చింది, చేతిలో అద్దం పగిలిన పాత ఫోన్ పట్టుకుని.

"మా ఇంట్లో నెట్ పొద్దుటినుంచీ చచ్చింది. మనవడికి అన్నం తినిపిస్తూ వీడియోలో చూపిస్తానంది మా అమ్మాయి. కాస్త నీది కలిపిపెట్టవే."

"ఇలా ఇవ్వు పిన్నీ. ఈ ఫోన్‌కి నీకంటే ఎక్కువ వయసున్నట్టుందే" అని నవ్వుతూ తీసుకుని, పిన్నికి కనపడకుండా పక్కకు తిరిగి పాస్‌వర్డ్ కొట్టింది. ఫోన్ కాసేపు గిరగిరా తిరిగి, కనెక్ట్ కాలేదు, పాస్‌వర్డ్ సరిచూసుకోండి అంది.

పిన్ని భుజం మీదనుంచి తొంగి చూసింది. "అదిగో, ఇదే! మీ తమ్ముడి ఫోన్ మీద కూడా ఇదే వచ్చింది."

సిగ్నలమ్మ ఫోన్ మీంచి తల ఎత్తలేదు. "ఎప్పుడు?"

"అదేంటే, నీకు తెలీదా? నిరుడు వానల్లో వచ్చాడు కదా. ఈ మెట్ల మీదే కూర్చుని ఫోన్ పొడుస్తున్నాడు. పైకెళ్ళరా, అక్క ఇంట్లోనే ఉంది, లైటు వెలుగుతోంది అన్నాను. ఇదిగో ఇలాగే నాకు చూపించి, 'మార్చేసింది పిన్నీ, అన్నంత పనీ చేసింది' అన్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. తరవాత చూస్తే లేడు."

"నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"అక్కా తమ్ముళ్ళ మధ్య నేనెందుకు దూరాలి? నువ్వే మార్చావు, నువ్వే రానివ్వలేదు అనుకున్నాను. వాడి ఊసెత్తితే నీ ముఖం ఎలా అయిపోతుందో నాకు తెలీదా?"

ఆమెకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. అది అర్థం కావడం ఆమె పనే కదా. వాడి ఫోన్‌కు మాట తెలుసు. సరైన మాటే తెచ్చింది. గుమ్మం దగ్గర పరీక్ష మాత్రం దానికి రాని పద్ధతిలో పెట్టారు. నాకు ఈ పద్ధతి రాదు అని చెప్పుకోవడం ఆ పాత ఫోన్‌కు తెలియదు. దానికి తెలిసింది ఒకటే ముక్క, పాస్‌వర్డ్ సరిచూసుకోండి. ఆ ముక్క చదివి తమ్ముడు వెళ్ళిపోయాడు. అప్పుడు ఆమె పైన, లైటు కింద, ఠింగు కోసం ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చునే ఉంది.

"ఏమైందే? పాలిపోయావు" అంది పిన్ని.

"వాడెక్కడున్నాడో ఏమైనా చెప్పాడా?"

"చెక్కమిల్లులో పనట. బస్సు చివరి స్టాపు దిగితే రంపాల చప్పుడు వినిపిస్తుందన్నాడు. పెళ్ళి కూడా చేసుకున్నాడట కదా."

కదా అని పిన్ని మామూలుగానే అంది. ఆమె తల ఊపింది.

మర్నాడు పనికి రానని చెప్పి బస్సెక్కింది. దారి పొడుగునా చెప్పాల్సింది వరసగా కూర్చుకుంది. నేను మార్చలేదురా, పెట్టె కాలిపోయింది, కొత్తదాంట్లో ఒక సెట్టింగు తప్పు పెట్టాను, నీ ఫోన్ పాతది. ఇంత చిన్న విషయం. చెప్పగానే వాడు నెత్తి కొట్టుకుని నవ్వుతాడని కూడా అనుకుంది. పాపం, అంత ఆశ పెట్టుకుని వెళ్ళింది.

మిల్లు వెనక వరసగా ఒంటిగదుల ఇళ్ళున్నాయి. తమ్ముడే తలుపు తీశాడు. జుట్టు నిండా రంపపు పొట్టు, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. కాసేపు చూసి, "రా అక్కా" అని ఉన్న ఒక్క కుర్చీ దులిపి వేశాడు. స్టవ్ దగ్గరనుంచి ఒక సన్నటి అమ్మాయి లేచి, "మంచినీళ్ళు తీసుకోండి వదినా" అని గ్లాసు ఇచ్చింది. ఎవరని అడగకుండానే వదినా అని పిలిచింది.

ఆమె గ్లాసు పట్టుకునే మొదలుపెట్టింది. కూర్చుకున్నదంతా తలకిందులుగా వచ్చేసింది, ముందు సెట్టింగు, తరవాత పిడుగు, తరవాత పిన్ని ఫోన్. వాడు గోడకు ఆనుకుని విన్నాడు. నవ్వలేదు.

"మరి ఆ రోజు ఎందుకొచ్చావురా? అంత దూరం వచ్చి..."

వాడు భార్య వైపు చూశాడు. ఆ అమ్మాయి గిన్నెలు పట్టుకుని బయటికి వెళ్ళింది.

"తనకి నెలలు నిండాయి అప్పుడు. తనకీ ఎవరూ లేరు. ఏవి నొప్పులో ఏవి కావో మా ఇద్దరికీ తెలీదు. నిన్ను తీసుకొద్దామని వచ్చాను. నువ్వు మాత్రం కన్నావా పెట్టావా? అయినా నువ్వుంటే తిట్టి అయినా ఏదో ఒకటి చేయిస్తావని."

"తరవాత?"

"తెల్లారేదాకా చూద్దాంలే అనుకున్నాం. ఆలస్యంగా తీసుకెళ్ళాం. రెండు రోజులుంది." చొక్కా మీది పొట్టు దులుపుకున్నాడు. "పాప."

ఆమె రెండు రోజులు మేనత్త అయింది. ఆ రెండు రోజులూ ఎవరింట్లోనో గోడలు తట్టుకుంటూ, ఎవరికో తాళాల పాఠం చెప్పుకుంటూ తిరిగింది. పొత్తిళ్ళలో ఎత్తుకోవాల్సినదాన్ని కనీసం చూడలేదు. ఆ దుఃఖం ఎంతదో ఆమెకు కూడా అప్పటికప్పుడు తెలియలేదు. ముందు కోపమే వచ్చింది, అలవాటు ప్రకారం.

"గుమ్మం దాకా వచ్చినవాడివి బెల్లు కొట్టలేకపోయావురా? ఆ దిక్కుమాలిన ఫోన్ చెప్పిందే వేదమా? ఒక్కసారి బెల్లు కొడితే నీ చెయ్యి పడిపోతుందా?"

"కొడదామనే పైదాకా ఎక్కాను. నన్నడిగి అడుగు పెట్టు అన్నావు. ఎవరికైనా ఇచ్చేసుంటే బాగుండేది అన్నావు. అవి కోపంలో అన్నవేలే అనుకుంటూ వచ్చానక్కా అంత దూరం. ఫోన్‌లో అది చూశాక, కోపంలో కాదు, నిజంగానే అన్నావనుకున్నాను."

"మార్చలేదని చెప్తున్నాను కదరా! ఇన్నేళ్ళూ నీకోసమే దాన్ని మార్చకుండా పెట్టుకు కూర్చున్నాను."

"కూర్చున్నావు సరే." వాడి గొంతులో కోపం లేదు, అదే ఆమె భరించలేకపోయింది. "నా నంబరు కూడా మారలేదక్కా. అదీ నీ దగ్గరే ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి ఫోన్ చెయ్యలేకపోయావా?"

ఊళ్ళో ఎవరేం అడిగినా తడుముకోకుండా చెప్పే మనిషి గ్లాసులో నీళ్ళు చూస్తూ ఉండిపోయింది. మిల్లులో రంపం ఒక దుంగను కోసి, ఆగి, ఇంకొకటి అందుకుంది.

భోజనం చేసి వెళ్ళమని మరదలు అడిగింది. ఆమె తినలేనంది. "ఇద్దరూ ఇంటికి రండిరా" అంది, లేస్తూ. "చూద్దాంలే అక్కా" అన్నాడు. చూద్దాంలే అంటే ఏమిటో మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. బస్సు దాకా వచ్చి, ఆమె ఎక్కేదాకా నిలబడి, మిల్లు వైపు తిరిగి వెళ్ళాడు.

బస్సు కదిలి కొంత దూరం పోయాక ఆమె ఫోన్ తీసింది. చిన్నోడు అన్న పేరు అన్నిటికంటే అడుగుకు జారిపోయి ఉంది. నొక్కింది. అటు వెంటనే ఎత్తాడు.

"ఏంటక్కా, ఏమైనా మర్చిపోయావా?"

"లేదురా. ఊరికే చేశాను."

"ఊఁ."

రంపం చప్పుడు ఇటు వినిపిస్తోంది. బస్సు చప్పుడు అటు వినిపిస్తూ ఉండాలి. కండక్టర్ వచ్చి టికెట్ చూపించమంటే, రెండో చేత్తో తీసి చూపించింది. ఇంతసేపూ అడగడానికి నోరు రాని మాట అప్పుడు వచ్చింది.

"పాప ఎవరి పోలికరా?"

ఫోన్ తెగిపోయిందేమోనని ఆమె ఒకసారి తీసి చూసుకుని మళ్ళీ చెవికి పెట్టుకుంది.

"నీ పోలికేనక్కా" అన్నాడు. "అచ్చం నువ్వే."